అరకులోయ నుండి సూక్ష్మదర్శిని వరకు: మూత్రపిండ వ్యాధి నిర్ణయము

విశాఖపట్టణములోని ఒక ఆసుపత్రి వరండాలో ఒకే బల్లపై నలుగురు రోగులు కూర్చుండియున్నారని ఊహింతము. మొదటివాడు డుంబ్రిగుడ వైపు నుండి వచ్చిన పదునెనిమిదేండ్ల యువకుడు. చిన్ననాటి నుండి ఎముకల నొప్పులతో బాధపడినవాడు. రెండవది ముంచంగిపుట్టు ప్రాంతపు ఎనిమిదేండ్ల బాలిక. మాసముల తరబడి విడిచి విడిచి జ్వరము వచ్చినది, ఇప్పుడు ముఖము, కాళ్ళు వాచినవి. మూడవవాడు పోడు పొలములో పాము కరచిన రైతు. ప్రాణము దక్కినది కాని మూడు వారములైనను మూత్రము సరిగా జారీ కాలేదు. నాల్గవవాడు కొండల దిగువన, సముద్రతీరపు కొబ్బరితోటలలో కూలి చేసికొనువాడు. అతనికి నొప్పి లేదు, వాపు లేదు, ఆకలి మాత్రము మందగించినది.

ఈ నలుగురును కల్పితులే. కాని వారి వ్యాధులు కల్పితములు కావు. తూర్పు కనుమల మన్యసీమలోను, ఆ కొండల పాదములందలి మైదానములోను ఈ నాలుగు విధముల వ్యాధులును కలవు. రక్తమును, మూత్రమును పరీక్షించిన వైద్యుడు నలుగురిని గూర్చియు ఒకే మాట చెప్పును: "మూత్రపిండములు చెడినవి." ఎంత చెడినవో ఆ పరీక్షలు చెప్పగలవు. ఎందుకు చెడినవో, ఎచ్చట చెడినవో, మరల బాగుపడునో లేదో చెప్పుట వానికి తరచు సాధ్యము కాదు. ఆ ప్రశ్నలకు సమాధానమును వెదకుటకే ఒక సన్నని సూదితో మూత్రపిండము నుండి చిన్న తునకను తీసి, సూక్ష్మదర్శిని క్రింద పరీక్షించు పద్ధతి ఏర్పడినది. దీనినే బయాప్సీ అందురు. ఈ పద్ధతి ఎట్టిది, అది ఏమి చెప్పగలదు, ఏమి చెప్పలేదు, మన కొండసీమ ప్రజలకు దానితో గల సంబంధమేమి అను విషయములను తెలిసికొనుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

మూత్రపిండము చేయు పని

సంస్కృతమున వృక్కమనియు, ఉర్దూలో గుర్దా అనియు పిలువబడు ఈ అవయవము పిడికిలి ప్రమాణము గలది. నడుమునకు కొంచెము పైభాగమున, వెన్నెముకకు ఇరుప్రక్కల ఒక్కొక్కటి చొప్పున రెండు మూత్రపిండములు ఉండును. ఒక్కొక్క దానియందు సుమారు 10 లక్షల సూక్ష్మమైన జల్లెడలు గలవు. ప్రతి జల్లెడయు నూలుఉండ వలె చుట్టుకొనిన సన్నని రక్తనాళముల గుచ్ఛము. దీనిని గ్లోమెరులస్ అందురు. ఇటలీ దేశపు శాస్త్రజ్ఞుడు మాల్పీజీ 1666లో దీనిని వర్ణించెను. 1842లో ఇంగ్లండు దేశీయుడు బౌమన్ ఆ గుచ్ఛమును ఆవరించియున్న గుళికకును, దాని నుండి బయలుదేరు నాళమునకును గల సంబంధమును స్పష్టపరచెను.

ఈ జల్లెడల గుండా దినమునకు సుమారు 180 లీటర్ల ద్రవము వడగట్టబడును. కాని మనము విసర్జించు మూత్రము ఒకటిన్నర లీటరు మాత్రమే. తక్కినదంతయు నాళముల గోడలు తిరిగి పీల్చుకొని రక్తమునకు అప్పగించును. కావున మూత్రపిండమున ముఖ్యముగా నాలుగు భాగములు గలవని గుర్తుంచుకొనవలెను: వడగట్టు గుచ్ఛములు, తిరిగి పీల్చు నాళములు, ఆ రెంటి నడుమ నుండు మధ్యకణజాలము, వీటన్నిటికి రక్తమును తెచ్చు రక్తనాళములు. వ్యాధి ఈ నాల్గింటిలో మొదట దేనిని పట్టినదో తెలిసినచో సగము నిర్ణయము జరిగినట్లే.

ఇచ్చట ఒక చిక్కు గలదు. మూత్రపిండము మిక్కిలి ఓర్పు గల అవయవము. తన శక్తిలో దాదాపు సగము నశించువరకు రక్తములోని క్రియాటినిన్ పరిమాణము పెద్దగా పెరుగదు. నొప్పియు ఉండదు. రోగికి బాధ తెలియునప్పటికి వ్యాధి చాల దూరము నడచియుండును.

పూర్వులు చూచినది మూత్రము

మూత్రమును చూచి రోగమును ఊహించుట అతి ప్రాచీనమైన విద్య. మన ఆయుర్వేదమున మూత్రపరీక్ష కలదు. ఇబ్న్ సీనా తన వైద్యగ్రంథమగు 'అల్ ఖానూన్'లో మూత్రపు రంగు, చిక్కదనము, అడుగున చేరు మడ్డి మొదలగు లక్షణములను విపులముగా చర్చించెను. యునానీ హకీములు గాజుపాత్రలోని మూత్రమును వెలుతురునకెత్తి పరిశీలించెడివారు. 1827లో లండను నగరమున రిచర్డ్ బ్రైట్ అను వైద్యుడు, దేహము వాచిన రోగుల మూత్రమును చెంచాలో కాచినప్పుడు గ్రుడ్డులోని తెల్లసొన వలె గడ్డకట్టుటను, అట్టివారు మరణించిన పిమ్మట వారి మూత్రపిండములు చెడియుండుటను జతపరచి చూపెను.

అయితే బ్రైట్ మూత్రపిండమును చూచినది రోగి మరణించిన తరువాతనే. ఆపైన నూరేండ్లకు పైగా వైద్యులు మృతదేహములనుండి గ్రహించిన జ్ఞానముతోనే తృప్తి చెందవలసి వచ్చెను. తుదిదశలో మూత్రపిండములన్నియు ముడుచుకొని, గట్టిపడి, మచ్చలు కట్టి ఒకే రీతిగా కనబడును. ఇల్లు కాలి బూడిదయైన పిమ్మట నిప్పు వంటగదిలో పుట్టినదో, దీపము వలన అంటుకొన్నదో చెప్పుట ఎట్లు? నిప్పు మొదలిడిన చోటును చూడవలెనన్న రోగి జీవించియుండగానే చూడవలెను.

సూది ప్రవేశించిన విధము

1944లో స్వీడను దేశమున నీల్స్ ఆల్వాల్ అను వైద్యుడు జీవించియున్న రోగుల మూత్రపిండములనుండి సూదితో కణజాలమును తీయుటకు ప్రయత్నించెను. ఒక రోగి మరణించుటచే అతడు ఆ ప్రయత్నమును నిలిపివేసెను. 1951లో డెన్మార్కు వైద్యులు ఇవర్సెన్, బ్రూన్ తమ అనుభవములను ప్రకటించిరి. వారు రోగిని కూర్చుండబెట్టి సూదిని ప్రవేశపెట్టెడివారు. సుమారు సగము సార్లు మాత్రమే తగిన తునక లభించెడిది. 1954లో అమెరికాలోని చికాగో నగరమున కార్క్, మ్యూర్కి అను వైద్యులు రోగిని బోరగిల పరుండబెట్టి, వేరొక రకపు సూదిని వాడి, నూటికి 96 సార్లు కృతార్థులైరి. అప్పటినుండి ఈ పద్ధతి లోకమంతట వ్యాపించినది.

నేడు ఇది జరుగు తీరు ఇట్టిది. ముందుగా రోగి రక్తపుపోటును అదుపులోనికి తెత్తురు. రక్తము సరిగా గడ్డకట్టునో లేదో పరీక్షింతురు. ఆస్పిరిన్ వంటి మందులను కొన్ని దినముల ముందే మాన్పింతురు. రోగిని బోరగిల పరుండబెట్టి, అల్ట్రాసౌండు యంత్రముతో మూత్రపిండపు క్రింది కొనను గుర్తించి, ఆ చోట తిమ్మిరి మందునిత్తురు. రోగి క్షణకాలము ఊపిరి బిగబట్టును. ఊపిరితో పాటు మూత్రపిండము కూడ కదలును గనుక ఈ జాగ్రత్త. స్ప్రింగు అమర్చిన సూది కన్నుమూసి తెరచునంతలో లోనికి పోయి వెలికి వచ్చును. దానిలో చిక్కునది సేమ్యా తునక వంటి, ఒకటి రెండు సెంటీమీటర్ల పొడవు గల కణజాలము. సాధారణముగా రెండు తునకలను తీయుదురు. పిమ్మట రోగి కొన్ని గంటలు వెల్లకిల కదలక పరుండవలెను. ఒక దినము మూత్రపు రంగును గమనింతురు.

ఇది అపాయము లేని పని యని చెప్పరాదు. నూటికి ముగ్గురు నలుగురికి మూత్రములో రక్తము కంటికి కనబడునంతగా పడును. నూటికి ఒకరికి రక్తము ఎక్కించవలసి రావచ్చును. ప్రాణాపాయము మిక్కిలి అరుదు. కావున రోగికి ఆ సంగతి స్పష్టముగా చెప్పి, అతని సమ్మతి పొందిన పిమ్మటనే సూదిని పట్టవలెను.

గాజుపలకపై మూడు విధముల చూపు

తీసిన తునకను మూడు భాగములు చేయుదురు. మొదటి భాగము ఫార్మలిన్ ద్రవములో పడును. దానిని మైనములో పొదిగి, రెండు మూడు మైక్రానుల మందము గల పొరలుగా కోయుదురు. మైక్రాను అనగా మిల్లీమీటరులో వెయ్యవ వంతు. ఆ పొరలకు వేరువేరు రంగులను పట్టింతురు. ఒక రంగు కణముల సంఖ్యను తెలుపును. పి.ఎ.ఎస్. అను రంగు జల్లెడగోడలను గులాబి వర్ణముతో చూపును. వెండి లవణముతో చేయు రంజనము ఆ గోడలను నల్లని గీతలుగా తీర్చును. మాసన్ పద్ధతి ఎండిపోయిన మచ్చకణజాలమును నీలముగనో ఆకుపచ్చగనో చూపును. వీనిని సాధారణ సూక్ష్మదర్శినితోనే చూడవచ్చును. ఉర్దూలో ఖుర్దబీన్ అనబడు ఆ పరికరము మన కళాశాల ప్రయోగశాలలలో నుండు దానికి సోదరియే.

రెండవ భాగమును ఫార్మలిన్‌లో వేయరాదు. వేసినచో తరువాతి పరీక్ష చెడును. దానిని ఘనీభవింపజేసి, చీకటిలో వెలుగు రంజకములు తగిలించిన ప్రతిరక్షకములతో తడుపుదురు. దేహరక్షణకై పుట్టిన ప్రతిరక్షకములు దారి తప్పి మూత్రపిండములో పేరుకొనియున్నచో, ఆ చోట్లు నల్లని ఆకాశమున నక్షత్రముల వలె పచ్చగా ప్రకాశించును. ఇమ్యునోఫ్లోరెసెన్స్ అనబడు ఈ పద్ధతి వలననే 1968లో పారిస్ నగరమున బెర్జే, ఆంగ్లే అను వైద్యులు, అంతవరకు ఎవరికిని తెలియని యొక వ్యాధిని గుర్తించిరి. దానికి ఐజిఎ నెఫ్రోపతి యని పేరు. నేడది లోకమున మిక్కిలి తరచుగా కనబడు గ్లోమెరులస్ వ్యాధులలో నొకటి.

మూడవ భాగము ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని కొరకు. వెలుగు కిరణములకు బదులు ఎలక్ట్రానుల ప్రవాహముతో చూపు ఈ పరికరము 1931లో జర్మనీలో రూపొందినది. చిన్నపిల్లలలో దేహమంతయు వాచు ఒక వ్యాధి కలదు. సాధారణ సూక్ష్మదర్శినిలో ఆ తునక ఏ దోషము లేనట్లే కనబడును. ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో మాత్రమే జల్లెడను పట్టుకొనియుండు కణముల సన్నని పాదములు అణగిపోయినట్లు తెలియును. ఒకే తునక మూడు విధములుగా చూచినప్పుడు మూడు సంగతులు చెప్పుననుటకు ఇదియే నిదర్శనము.

ఇంకొక మాట. 10 లక్షల గుచ్ఛములలో ఆ తునకలో చిక్కునవి 10, 20 మాత్రమే. రాసిలోని గుప్పెడు గింజలను చూచి పంటను అంచనా కట్టు రైతు పని వంటిదే ఈ పని. గింజలు మరీ తక్కువైనచో అంచనా తప్పవచ్చును. అందుచేత కనీసము 10 గుచ్ఛములైన ఉండవలెనని నిపుణులు కోరుదురు.

నలుగురి తీర్పులు

ఇప్పుడు ఆ బల్లపై కూర్చున్న నలుగురి యొద్దకు తిరిగి వత్తము.

డుంబ్రిగుడ యువకుని రక్తపు చుక్కను గాజుపలకపై పరచి చూచినచో కొన్ని ఎర్రకణములు కొడవలి ఆకారమున కనబడును. 1910లో చికాగోలో హెరిక్ అను వైద్యుడు మొదట వర్ణించిన ఈ వ్యాధి భారతదేశమున గలదని 1952లో నీలగిరి గిరిజనులలో జరిగిన పరిశోధన వలన తెలిసినది. మన తూర్పు కనుమల గిరిజనులలోను ఇది కలదు. మూత్రపిండపు లోపలి భాగమున ప్రాణవాయువు తక్కువ, ఉప్పు సాంద్రత ఎక్కువ. కొడవలి కణములు చిక్కుకొనుటకు అంతకంటె అనుకూలమైన చోటు దేహమున లేదు. మొదట మూత్రమును చిక్కపరచు శక్తి పోవును. ఎదిగిన పిల్లవాడు రాత్రులందు పక్క తడుపుట కూడ దీని గుర్తు కావచ్చును. తరువాత మూత్రములో రక్తము, పిమ్మట తెల్లసొన పోవును. బయాప్సీలో గుచ్ఛములు ఉబ్బి పెద్దవై, కొన్నిటిలో మచ్చలు కట్టి, నాళకణములలో ఇనుము పేరుకొనియుండును. ఈ వ్యాధిలో క్రియాటినిన్ అంకె చాలకాలము తక్కువగానే యుండి వైద్యుని మోసగించును. ఇట్టివారికందరికి బయాప్సీ అవసరము లేదు. తెల్లసొన అధికముగా పోవుచున్నప్పుడు, లేక వేరొక వ్యాధి కూడ కలసినదని అనుమానము గలిగినప్పుడు చేయుదురు. 2023 జూలైలో ప్రారంభమైన జాతీయ కార్యక్రమము 2047 నాటికి ఈ కొడవలి కణ వ్యాధిని నిర్మూలింప సంకల్పించినది. గ్రామమున చేయు ఆ చిన్న రక్తపరీక్ష మూత్రపిండములను గూడ కాపాడునని ప్రజలకు తెలియజెప్పవలెను.

ముంచంగిపుట్టు బాలిక వాపునకు రెండు కారణములు ఉండవచ్చును. ఒకటి ఇంతకు ముందు చెప్పిన, సాధారణ సూక్ష్మదర్శినికి చిక్కని బాల్యవ్యాధి. అది స్టెరాయిడ్ మందులకు చక్కగా లొంగును. రెండవది మలేరియా వలన కలుగు వ్యాధి. రోనాల్డ్ రాస్ 1897లో మన సికింద్రాబాదులోనే దోమ కడుపులో మలేరియా క్రిమిని సూక్ష్మదర్శినితో కనిపెట్టిన సంగతి విద్యార్థులెరుగుదురు. మలేరియా క్రిములలో నాలుగవ దినమున మరల జ్వరమును తెచ్చు జాతి యొకటి కలదు. అది దీర్ఘకాలము దేహమున నిలిచినచో ప్రతిరక్షకములు గుచ్ఛములలో పేరుకొని వానిని చెరచును. 20వ శతాబ్దపు మధ్యభాగమున నైజీరియా బాలలలో దీనిని విశేషముగా పరిశోధించిరి. ఇది స్టెరాయిడ్లకు సామాన్యముగా లొంగదు. సాధారణముగా ఇట్టి పిల్లలకు మొదట స్టెరాయిడ్ ఇచ్చి చూచుదురు. వాపు తగ్గనిచో బయాప్సీ చేయుదురు. ఆ పరీక్ష జరుగకున్నచో ఆ పసిపిల్ల, ఫలితమీయని మందును మాసముల తరబడి మ్రింగుచు, దాని వలన కలుగు హానిని మాత్రము అనుభవించును.

పాము కరచిన రైతు కథ వేరు. రక్తపింజర విషము రక్తమును, మూత్రపిండములను దెబ్బతీయును. ఈ పామునకు శాస్త్రలోకమున గల రసెల్ అను పేరు 18వ శతాబ్దమున విశాఖపట్టణములో నివసించిన పాట్రిక్ రసెల్ అను వైద్యుని నుండి వచ్చినది. 1796లో వెలువడిన తన గ్రంథమున అతడు దీనిని కాటుకరేకులపొడ యను తెలుగు పేరుతోనే పేర్కొనెను. ఈ విషము వలన నాళకణములు మాత్రము రాలిపోయినచో అవి తిరిగి మొలచును. కొన్ని వారముల డయాలిసిస్‌తో రోగి కోలుకొనును. మూత్రపిండపు పైపొర యంతయు రక్తము లేక చచ్చిపోయినచో కోలుకొనుట కష్టము. రెంటిలోను రోగి మూత్రము పోయలేడు. బయటికి రెండును ఒకటే. మూడు నాలుగు వారములకును మెరుగు కనబడనప్పుడు చేయు బయాప్సీ ఆ కుటుంబమునకు చెప్పవలసిన మాటను నిర్ణయించును: "ఓపిక పట్టుడు" అనియా, లేక "జీవితమంతయు డయాలిసిస్‌కు సిద్ధపడుడు" అనియా.

నాల్గవవాని ఊరు ఉద్దానము. శ్రీకాకుళము జిల్లాలో కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు, మందస మొదలగు మండలములలో, తూర్పు కనుమల మహేంద్రగిరికిని సముద్రమునకును నడుమ, కొబ్బరి జీడిమామిడి తోటలతో కన్నులపండువగా నుండు సీమ యది. 2019లో ప్రచురితమైన యొక పరిశోధనలో అచ్చటి రెండు వేలకు పైబడిన జనులను పరీక్షింపగా నూటికి సుమారు 18 మందికి మూత్రపిండముల వడపోత తగ్గియుండెను. వారిలో దాదాపు మూడు పాళ్ళ మందికి మధుమేహము వంటి తెలిసిన కారణమేదియు కానరాలేదు. ఇట్టివారి తునకలలో గుచ్ఛములు మొదట చాలవరకు చెడక నిలిచియుండును. నాళములు ముడుచుకొని, వాని నడుమ మచ్చకణజాలము పరచుకొనియుండును. అందుచేతనే మూత్రములో తెల్లసొన తక్కువ, వాపు తక్కువ, హెచ్చరికయు తక్కువ.

గాజుపలక చెప్పలేనిది

ఉద్దానపు గాజుపలక దెబ్బ తగిలిన చోటును చూపినది. దెబ్బ కొట్టినవాని పేరు చెప్పలేదు. నీరా, ఎండలో చెమటోడ్చి పనిచేయుటయా, పురుగుమందులా, నొప్పి మాత్రల వాడుకయా యని పరిశోధకులు పలు విధముల వెదకుచున్నారు. ఏదియు ఇంకను నిర్ధారణ కాలేదు. శ్రీలంక ఉత్తరమధ్య మండలపు వరిరైతులలోను, మధ్య అమెరికాలోని చెరకు కూలీలలోను ఇట్టి వ్యాధియే కనబడుట గమనింపదగినది.

అయినను నిరాశకు కారణము లేదు. యూరపు ఖండమున బాల్కను దేశములలో డాన్యూబు ఉపనదుల తీరగ్రామములందు 1950ల నుండి ఇట్టి వ్యాధి యొకటి వైద్యులను కలవరపెట్టెను. 1993లో బెల్జియము నందలి బ్రస్సెల్సులో, సన్నబడుటకై మూలికల మందు తిన్న స్త్రీలకు మూత్రపిండములు చెడిపోయిన సంగతి వెల్లడియైనది. వారి గాజుపలకలు బాల్కను రోగుల గాజుపలకలను పోలియుండెను. ఆ పోలికయే మార్గము చూపినది. రెంటికిని మూలము అరిస్టోలోకియా జాతి మొక్కలలోని విషమని తేలినది. బాల్కనులో అది గోధుమ పొలములలోని కలుపుమొక్క గింజల ద్వారా రొట్టెలోనికి చేరినదని గ్రహించిరి.

ఈ జాతి మొక్కలు మన దేశమునను కలవు. ఈశ్వరి యను తీగయు, గాడిదగడపర యను మొక్కయు ఆ కుటుంబమునకు చెందినవే. ఈశ్వరి వేరును పాముకాటునకు మందుగా వాడు ఆచారము మన దేశమున చిరకాలముగా గలదు. గిరిజనుల మూలికాజ్ఞానము గౌరవింపదగినదే. కాని ఈ జాతి మొక్కల విషయమున మాత్రము లోకమంతట లభించిన సాక్ష్యము స్పష్టము: వానిని లోనికి పుచ్చుకొనరాదు. కావున మన్యమున రోగిని ప్రశ్నించు వైద్యుడు "ఏ వేరు తింటివి, ఎంతకాలము తింటివి?" అని కూడ దయతో, నింద ధ్వనింపని స్వరముతో అడుగవలెను. గాజుపలక సగము చెప్పును. తక్కిన సగమును రోగి నోటినుండియే వినవలెను.

కాలమే అసలు రోగము

అరకు సముద్రమట్టమునకు సుమారు 900 మీటర్ల ఎత్తున గలదు. విశాఖపట్టణమునకు ఘాటు మార్గమున సుమారు 115 కిలోమీటర్లు. అరకు వరకు బస్సు గలదు, రైలు గలదు. కాని కొండ కొమ్మున నున్న ఎన్నో గూడెముల నుండి రోగిని రెండు కర్రలకు గుడ్డ కట్టిన డోలీలో మోసికొని దిగువకు తేవలసిన స్థితి నేటికిని తీరలేదు. 1923 నుండి ఉత్తరాంధ్ర ప్రజలకు పెద్ద దిక్కైన కింగ్ జార్జి ఆసుపత్రి మెట్లెక్కుసరికి ఎందరికో ఆలస్యమైపోవును. అల్ట్రాసౌండులో మూత్రపిండములు కుంచించుకొని చిన్నవైనట్లు కనబడినచో వైద్యులు సామాన్యముగా సూదిని ప్రక్కన పెట్టుదురు. అపాయము హెచ్చు, ప్రయోజనము తక్కువ. అప్పటికి ఇల్లు బూడిదయైనది. బూడిదను ప్రశ్నించి లాభము లేదు.

కావున బయాప్సీ విలువ సూదిలో లేదు, సూక్ష్మదర్శినిలో లేదు. రోగి వచ్చు సమయములో నున్నది. ఆ సమయమును ముందునకు జరుపుటకు గొప్ప యంత్రములు అక్కరలేదు. మూత్రములో ముంచిన చిన్న పట్టీ రంగు మారుట, రక్తపుపోటును కొలుచుట, ఒక్క రక్తపు చుక్కను పరీక్షించుట చాలును. ఇవి గూడెములోనే చేయదగిన పనులు. పట్టీ రంగు మారినవానిని వెంటనే పై ఆసుపత్రికి పంపినచో, అతని మూత్రపిండము ఇంకను తన కథ చెప్పగల స్థితిలో నుండును. ఆశాజనకమైన మార్పులును కలవు. 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లా పాడేరు కేంద్రముగా ఏర్పడినది. 2024లో పాడేరులో ప్రభుత్వ వైద్య కళాశాలయు ప్రారంభమైనది. ఉద్దానపు ప్రజల కొరకు పలాసలో 200 పడకల ఆసుపత్రి, మూత్రపిండ వ్యాధుల పరిశోధన కేంద్రము 2023 డిసెంబరులో ప్రారంభింపబడినవి.

తుదకు మన విద్యార్థులకు ఒక విన్నపము. కువి మాటలాడు రోగికి, ఆదివాసి ఒడియా మాటలాడు తల్లికి "నీ నడుములో సూది గ్రుచ్చెదము" అని తెలుగులో చెప్పి, వేలిముద్ర వేయించుకొన్నంత మాత్రమున అది సమ్మతి కానేరదు. ఎందుకు గ్రుచ్చుచున్నారో, ఏమి అపాయము కలదో, దాని వలన తన బిడ్డకు ఏమి మేలో వారి భాషలో వారికి తెలియవలెను. తెలియక భయపడినవాడు ఆసుపత్రి విడిచి కొండకు తిరిగిపోవును. మరల వచ్చునప్పటికి కాలము మించిపోవును. ఒక నోట ఉర్దూ, ఒక నోట తెలుగు వినుచు పెరిగిన మన కళాశాల పిల్లలకు, ఒక భాషలోని దుఃఖమును వేరొక భాషలోనికి చేరవేయుట ఎంత అవసరమో వేరుగా చెప్పనక్కరలేదు. మీలో వైద్యులు కాబోవువారు, నర్సులు కాబోవువారు, ప్రయోగశాలలలో గాజుపలకలను సిద్ధపరుపబోవువారు ఉందురు. మన్యమునకు పోవు అవకాశము కలిగినచో అచ్చటి భాషలలో నొక దానినైన నేర్చికొనుడు. ఆ బల్లపై కూర్చున్న నలుగురిని మొదట పలుకరింపవలసినది సూది కాదు, మనుష్యుడు.